రాణిగంజ్ పెయింట్ షాపు: మా పాత ఎంజీబీ కారు బంపర్లకి ఇంట్లోనే నలుపు వేసుకున్నా, ఏడాది తర్వాత రివ్యూ

ఈ రివ్యూ ఏడాది లేటుగా రాస్తున్నా, కావాలనే. రంగు కొట్టిన రోజు ఎవరి బంపరైనా బాగానే ఉంటుంది, ఒక ఎండాకాలం ఒక వానాకాలం దాటాక ఎలా ఉందో చెప్తేనే ఇంకొకళ్ళకి పనికొస్తుందని ఆగా. షాపు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, కర్బలా మైదాన్ వైపు సందుల్లో, ఒక్క షట్టరు వెడల్పు ఉంటుంది, లోపల పైకప్పు దాకా డబ్బాలే. కౌంటర్‌లో ఒక పెద్దాయన కూర్చుంటారు, అందరూ కాకా అంటారు, నేనూ అదే అంటా.

ముందు బండి సంగతి చెప్పాలి, లేకపోతే నలుపు రంగు కోసం ఇంత ఎందుకు రాస్తున్నానో అర్థం కాదు. అది మా మేనమామది, 1978 ఎంజీబీ, టాప్ తీసేసుకునే రెండు సీట్ల రోడ్‌స్టర్. 1991లో బొంబాయిలో ఒకాయన దగ్గర కొని లారీ మీద తెచ్చుకున్నారు. మోకాళ్ళు నొప్పులొచ్చి అంత కిందికి కూర్చుని లేవలేక రెండేళ్ళ కింద తాళాలు నా చేతిలో పెట్టారు. ఎంజీ అనగానే "హెక్టరా?" అని అడుగుతారు అందరూ, 2019 నుంచి మన రోడ్ల మీద ఎంజీ అంటే అదే కదా. ఇది ఇంగ్లాండ్‌లో అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా తయారైన బండి, 1798 సీసీ ఇంజిన్, అన్నీ కలిపి 5 లక్షలకి పైనే చేశారు. మొదట్లో సన్నటి క్రోమ్ బంపర్లు ఉండేవి. అమెరికాలో బంపర్ రూల్స్ గట్టిపడేసరికి 1974లో ముందూ వెనకా ఈ లావుపాటి నల్ల బంపర్లు పెట్టారు, హెడ్‌లైట్ ఎత్తు సరిపోవాలని బండిని కూడా కాస్త లేపారు. ఈ బంపర్లు చూసి మూతి ముడుచుకునే ఎంజీ అభిమానులు చాలామంది, పీకేసి క్రోమ్‌వి పెట్టించుకునేవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచి ఎంజీబీ అంటే ఆ నల్ల మూతే, వేసవి సెలవుల్లో మామయ్య మా సందు మలుపు తిరిగితే ముందు కనిపించేది అదే, అందుకే మార్చాలన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు, దాని నలుపు దానికి రావాలి, అంతే.

అందరూ రబ్బర్ బంపర్ అంటారు గానీ అది రబ్బర్ కాదు, లోపల స్టీలు, మీద పాలీయురేథేన్ తొడుగు. మన ఎండకి పైపొర చచ్చిపోయి పొడిపొడి అవుతుంది. నా చేతికొచ్చేసరికి వేలితో అలా రాస్తే చాలు, విభూతి బుట్టలో వేలు పెట్టినట్టు బూడిద అంటుకునేది. దీనికి మామయ్య ముప్ఫై ఏళ్ళు చేసిన వైద్యాలు చాలా ఉన్నాయి, ఒకప్పుడు బూట్ పాలిష్, తర్వాత కొబ్బరినూనె, తర్వాత బండి కడిగే కుర్రాడు తెచ్చిన డ్యాష్‌బోర్డ్ పాలిష్. ప్రతిదీ రెండు రోజులు నల్లగా చూపించి మొదటి వానకి కారిపోయింది, అదీ కాక ప్రతిదీ లోపలికి ఎంతో కొంత ఇంకింది. ఈ ఇంకడమే తర్వాత నా కొంప ముంచింది.

మొదటి ప్రయత్నం నేనే సొంతంగా చేశా. ఆన్‌లైన్‌లో ఒక కంపెనీ మ్యాట్ బ్లాక్ స్ప్రే క్యాన్ తెప్పించా (పేరు అనవసరం, తప్పు సగం నాదే), గరుకు పేపర్‌తో రుద్ది, సబ్బు నీళ్ళతో కడిగి, తుడిచి, ఒక ఆదివారం మధ్యాహ్నం కొట్టేశా. రంగు పడుతుండగానే అక్కడక్కడా గుండ్రంగా విడిపోయి చేప కళ్ళలా గుంటలు తేలాయి, లోపలి బూడిద రంగు కనిపిస్తోంది, దాని మీద ఇంకో కోటు కొడితే అదీ అలాగే విడిపోయింది. గుంటలు లేని చోట బాగానే నిలిచింది కదా అనుకుంటే మూడో వారం పక్కింటి పిల్లాడి క్రికెట్ బంతి మెల్లిగా తగిలి, బంపర్ లోపలికి వంగి బయటికొచ్చింది, రంగు మాత్రం గుడ్డు పెంకులా పగిలి రేకులు రేకులుగా లేచింది. బంపర్ వంగేది, రంగు వంగనిది. అమెరికాలో ఉన్న ఫ్రెండ్ సంక్రాంతికి వస్తూ అక్కడి ట్రిమ్ పెయింట్ తెస్తానన్నాడు గానీ స్ప్రే పెయింట్ క్యాన్లు విమానంలో ఏ బ్యాగులోనూ ఒప్పుకోరు, మండే వస్తువు, కాబట్టి ఎవరినీ అడక్కండి.

అప్పుడు మా మెకానిక్ ఈ షాపుకి వెళ్ళమన్నాడు. ఫోన్‌లో ఫొటోలు చూపించి శాటిన్ బ్లాక్ (మరీ మెరవని, మరీ మొద్దుగా ఉండని నలుపు) ఇవ్వమన్నా. కాకా ఫొటో రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసి ఫోన్ తిరిగిచ్చేశారు. "లోపల ఏమున్నదో తెల్వకుండ మీద ఏం పుయ్యాలె తమ్మీ? బంపర్ తీస్కరా." అంతే, డబ్బా అమ్మలేదు. నాకు కోపమొచ్చింది, మల్కాజ్‌గిరి నుంచి ఆ ట్రాఫిక్‌లో వెళ్ళినవాణ్ణి. నట్లకి రెండు రోజులు డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే) నానబెట్టి, నేనూ మా బావమరిదీ కలిసి ముందు బంపర్ విప్పి (స్టీలుతో కలిపి చాలా బరువు, ఒక్కరే ప్రయత్నించకండి), ట్రాలీ ఆటోలో వేసుకుని శనివారం మళ్ళీ వెళ్ళా.

ఆ రోజు కాకా చేసింది చూశాకే ఈ రివ్యూ రాయాలనిపించింది. బంపర్‌ని షాపు ముందు రెండు స్టూళ్ళ మీద పెట్టించి, గోరుతో నొక్కి, వంచి చూసి, తర్వాత వెనక వైపు ఎవరికీ కనిపించని అంచు నుంచి బ్లేడుతో సన్నటి ముక్క, కొబ్బరి తురుమంత, కోశారు. టీ గ్లాసులో నీళ్ళు పోయించి అందులో వేసి వేలితో కిందికి తోసి వదిలారు. ముక్క మునిగిపోయి అడుక్కి వెళ్ళింది. "మునిగింది సూడు. తేలితే ఇప్పటి కార్ల బంపర్ల ప్లాస్టిక్, దానికి వేరే ప్రైమర్, లేకుంటే పొట్టు లేసినట్టు లేస్తది. ఇది గది కాదు, దీనికి వంగే ప్రైమర్ గావాలె." ప్రైమర్ అంటే రంగు కింద ముందు కొట్టే పూత. ఇప్పటి బంపర్ల పాలీప్రొపిలీన్ లాంటివి నీళ్ళకన్నా తేలిక కాబట్టి తేలతాయి, వాటికి రంగు పట్టాలంటే ముందు అడ్హీషన్ ప్రమోటర్ కొట్టాలి, పాలీయురేథేన్ మునుగుతుంది, దానికి ఫ్లెక్సిబుల్ ప్లాస్టిక్ ప్రైమర్ చాలు. ఇది తర్వాత ఇంటికొచ్చి చదువుకుంటే అక్షరం పొల్లు పోకుండా ఆయన చెప్పిందే.

తర్వాత నేను రంగు కొట్టిన చోట గుంటల మీద వేలు తిప్పి వాసన చూసి "పాలిషా, నూనెనా?" అన్నారు. రెండూ అన్నా. ఆ పాలిష్‌లో సిలికాన్ ఉంటుందట, సబ్బుకి పోదు, గరుకు పేపర్ పెట్టి రుద్దితే ఇంకా లోపలికి పాకుతుంది. కాబట్టి ముందు సిలికాన్ రిమూవర్‌తో తుడవాలి, ఆ తర్వాతే వాటర్ పేపర్ (నీళ్ళతో రుద్దే గరుకు పేపర్). నేను వరస తలకిందులు చేశా, ముందు రుద్ది తర్వాత కడిగా, చేప కళ్ళు అందుకే వచ్చాయి. పాత రంగు తీయడానికి థిన్నర్ అడిగితే అదీ ఇవ్వలేదు, ఆ తొడుగు థిన్నర్ తాగి ఉబ్బి జిగురవుతుంది, పేపర్‌తోనే తీసుకో అన్నారు.

శాటిన్ ఎంత శాటిన్ అనేది ఇంకో విషయం. నల్ల డబ్బాల మీద మ్యాట్, శాటిన్, సెమీ గ్లాస్ అని రాసి ఉంటుంది, కంపెనీ కంపెనీకి తేడా. కాకా దగ్గర ప్లాస్టిక్ స్పూన్ల కట్ట ఉంది, పెళ్ళి భోజనాల్లో ఐస్‌క్రీమ్‌కి ఇస్తారే అవి, మూడు స్పూన్ల మీద మూడు నలుపులు కొట్టి ఆరబెట్టి బయట ఎండలోకి తీసుకెళ్ళి అక్కడ ఆపి ఉన్న ఒక బైక్ టైరు పక్కన పట్టుకోమన్నారు. మ్యాట్ స్పూన్ పలకలా ఉంది, సెమీ గ్లాస్ కొత్త చెప్పులా మెరుస్తోంది, మధ్యది మాత్రం చూడగానే గుండెలో ఏదో కదిలింది, వాన వెలిశాక మామయ్య బండి మూతి సరిగ్గా అలా ఉండేది. ఆ స్పూన్ ఇప్పటికీ బండి గ్లవ్ బాక్స్‌లో ఉంది.

గట్టిగా ఉండాలని హార్డెనర్ (రంగుని గట్టిపరిచే ద్రవం) కలిపే 2కె రంగు అడిగా. ఇవ్వనన్నారు. "ఇంట్ల కొడ్తవా? పిల్లలున్నరా? అయితే వద్దు." హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, మామూలు గుడ్డ మాస్కూ సర్జికల్ మాస్కూ దాన్ని ఆపవు, ఊపిరితిత్తులకి పడితే ఆస్తమా పట్టుకుంటుంది, బూత్‌లో కొట్టేవాళ్ళు బయటి గాలి పైపుతో వచ్చే మాస్క్ పెట్టుకుంటారు. దాని బదులు హార్డెనర్ లేని 1కె క్యాన్లే ఇచ్చారు, దానికి కూడా కార్బన్ క్యాట్రిడ్జ్ ఉన్న మాస్క్ కొనుక్కునేదాకా ఊరుకోలేదు. ఖరీదైనది అమ్ముకునే ఛాన్స్ ఉండి కూడా వద్దని పంపిన కౌంటర్ నేను ఈ ఊళ్ళో ఎక్కువ చూడలేదు.

మొత్తం బిల్లు 3,400 చిల్లర. వంగే ప్లాస్టిక్ ప్రైమర్ ఒక క్యాన్, శాటిన్ బ్లాక్ మూడు క్యాన్లు (అన్నీ 400 మి.లీ.), అర లీటర్ సిలికాన్ రిమూవర్, 320, 400, 600 వాటర్ పేపర్లు (నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది), ఎర్ర స్కాచ్‌బ్రైట్, మంచి మాస్కింగ్ టేప్, మాస్క్. రెండు బంపర్లకి మూడు నల్ల క్యాన్లు సరిపోయాయి, నాలుగోది తీసుకోబోతే అవసరం లేదని వెనక్కి పెట్టించింది కూడా ఆయనే.

పని నవంబర్‌లో చేశా. మేలో ఎందుకు వద్దంటే 40 దాటిన ఎండకి రంగు చుక్క బంపర్ దాకా వెళ్ళేలోపే గాల్లో ఆరిపోయి ఇసుక రాలినట్టు గరుగ్గా పడుతుంది, వానాకాలంలో గాలిలో తేమకి ఆరుతున్న రంగు మీద పాలు విరిగినట్టు తెల్లటి మసక వస్తుంది. నవంబర్ పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా, మంచు ఆరిపోయి ఎండ ఇంకా ఎక్కని ఆ రెండు గంటలు బంగారం.

శుభ్రం చేయడానికే రెండు రోజులు పట్టింది, అసలు పని అదే. రిమూవర్‌లో తడిపిన గుడ్డతో తుడిచి అది ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో ఎత్తెయ్యాలి, ఆరనిస్తే కరిగిన సిలికాన్ అక్కడే మళ్ళీ కూర్చుంటుంది. పాత బనీన్లు పదిహేను దాకా పోయాయి, మొదటి గుడ్డలు పసుపు జిడ్డుతో వచ్చాయి, ముప్ఫై ఏళ్ళ కొబ్బరినూనె అది. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి చెంబుతో నీళ్ళు పొయ్యండి, తామరాకు మీదలా ముత్యాలుగా దొర్లితే ఇంకా జిడ్డుంది, పలచటి తెరలా పరుచుకుని జారితే పోయినట్టు. నాకు నాలుగోసారికి పరుచుకుంది. ఆ తర్వాతే 320తో పాత రంగు రేకులు, 400తో మొత్తం, గుంటలూ గీతలూ పోయేలా 600, మూలల్లో స్కాచ్‌బ్రైట్, అన్నీ నీళ్ళతో. బకెట్‌లో నీళ్ళు బొగ్గు కడిగినట్టు అయ్యాయి.

పోర్టికోలో పైపు రాడ్‌కి బంపర్‌ని తాళ్ళతో వేలాడదీశా. దుమ్ము లేవకుండా నేల మీద కళ్ళాపి చల్లినట్టు నీళ్ళు చల్లా. పురుగులు పడకుండా పాత దోమతెర చుట్టూ కట్టి లోపల నిలబడి కొట్టా, గాలి ఆడుతుంది, దోమలు రావు, ఇది మా అమ్మ ఐడియా, నిజంగా పనిచేసింది. పక్కింటివాళ్ళ తెల్ల కారు మాత్రం ముందే జరిపించుకోండి, గాల్లో తేలే నల్ల పొడి పది అడుగులు పోతుంది.

క్యాన్‌ని పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి (వేడి నీళ్ళు కాదు, పొయ్యి దగ్గర అసలే వద్దు), లోపల గోళీ కదిలే చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపి, జానెడు దూరం నుంచి, బంపర్ అంచుకి బయట నొక్కడం మొదలుపెట్టి అవతలి అంచు దాటాక వదలాలి. మొదటి కోటు చూస్తే ఏమీ పడలేదేమో అనిపించేంత పలచగా, కింద ప్రైమర్ కనిపిస్తూనే ఉండాలి, అక్కడే చెయ్యి ఆగదు, ఇంకొంచెం కొడదాం అనిపిస్తుంది, కొడితే కారుతుంది. పది నిమిషాలు ఆగి రెండోది, మళ్ళీ ఆగి మూడోది, నాకు నాలుగు కోట్లు పట్టాయి. రెండో క్యాన్ నాజిల్ ఒకసారి ఉమ్మినట్టు చుక్కలు వేసింది, ఆరాక 600తో రుద్ది ఆ ముక్క మళ్ళీ కొట్టా.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ముందు బంపర్ మధ్యలో ఉండే ఎంజీ బ్యాడ్జి. ఎనిమిది మూలలది, విప్పబోతే విరుగుతుందేమోనని భయమేసి అక్కడే టేప్ వేశా. పెద్ద టేప్ ముక్క బ్యాడ్జి మీద అంటించి, గోరుతో అంచు చుట్టూ గాడిలోకి నొక్కి, కొత్త బ్లేడుతో ఒక్కో మూలా కోశా, అరగంట పట్టింది, ఊపిరి బిగబట్టి. ఆఖరి కోటు పూర్తిగా గట్టిపడకముందే, చేతికి అంటనంత ఆరగానే, టేప్‌ని దాని మీదికే మడిచి మెల్లగా లాగితే అంచు బ్లేడుతో గీసినట్టు వచ్చింది. మర్నాటిదాకా ఆగి లాగితే రంగు పొర కూడా టేప్‌తో పాటు లేస్తుంది, వెనక నంబర్ ప్లేట్ దగ్గర నాకు అలా ఒక చోట లేచింది.

ఇక ఏడాది తర్వాత. ముందు బంపర్ నిన్న కడిగి చూశా, నలుపు అలాగే ఉంది, వేలితో రాస్తే ఏమీ రావట్లేదు. రాయి తగిలిన గుర్తులు రెండు, మిగిలిన స్ప్రేని మూతలోకి కొట్టి అగ్గిపుల్లతో అద్దితే కలిసిపోయాయి. మళ్ళీ అదే పిల్లాడి బంతి ఇంకోసారి తగిలింది, వంగింది, పగల్లేదు. మామయ్య వచ్చినప్పుడు ఏమీ అనలేదు, వంగి చేత్తో ఈ చివర నుంచి ఆ చివర దాకా నిమిరి, అరచెయ్యి తిప్పి చూసుకున్నారు.

వెనక బంపర్ కథ వేరే, ఐదులో ఒక స్టార్ తగ్గించి నాలుగే ఇచ్చింది దానికే. ఎంజీబీకి పెట్రోల్ మూత పక్కన ఉండదు, వెనక ప్యానెల్ మీద, బంపర్‌కి కాస్త పైన ఉంటుంది. బంక్‌లో పిల్లాడు గన్ బయటికి తీసేటప్పుడు నాలుగు చుక్కలు ఎప్పుడూ బంపర్ మీదే పడతాయి. 1కె రంగుకి పెట్రోల్ పడదు, అప్పటికప్పుడు మెత్తబడి, తుడిస్తే గుడ్డకి నలుపు అంటింది, అరచెయ్యంత చోట వెలిసిపోయింది. కాకాకి ఇది ఏ బండి, మూత ఎక్కడ అని అడగాలని తట్టలేదు, నాకు చెప్పాలని తట్టలేదు, అన్నీ అడిగిన మనిషి ఇదొక్కటి అడిగుంటే బాగుండేది. వెళ్ళి చూపిస్తే వంక పెట్టకుండా "గది నేను అడగాలె" అని ఒప్పుకుని, ఆ మూల మళ్ళీ కొట్టుకోవడానికి సగం క్యాన్ ఊరికే ఇచ్చారు. పెట్రోల్‌కి నిలిచేది 2కెనే, అది కావాలంటే వెనకది ఒక్కటీ బూత్ ఉన్న పెయింటర్‌కి ఇయ్యమన్నారు. నేను ఇంకా ఇవ్వలేదు, పెట్రోల్ కొట్టించేటప్పుడు నేనే దిగి మూత కింద తడి గుడ్డ పరుస్తున్నా.

షాపు గురించి మిగతావి: పార్కింగ్ లేదు, కారులో వెళ్ళి ఆ సందులో ఇరుక్కోకండి, బైక్ మీదో మెట్రోలో పరేడ్ గ్రౌండ్స్ దిగి ఆటోలోనో వెళ్ళండి. ఆదివారం బంద్. మధ్యాహ్నం భోజనం టైంలో కాకా ఉండరు, కౌంటర్‌లో ఉండే అబ్బాయి అడిగింది ఇచ్చేస్తాడు, ఏమీ అడగడు, కాబట్టి కాకా ఉన్నప్పుడే వెళ్ళండి, రంగు వెయ్యాల్సిన ముక్క చేత్తో పట్టుకుని వెళ్ళండి. బిల్లు అడిగితేనే రాస్తారు.

స్టెయిన్‌లెస్ స్టీలు స్ట్రిప్పులూ అద్దం చుట్టూ అల్యూమినియం ఫ్రేమూ నల్లగా చేద్దామా అని అడిగితే ముట్టుకోవద్దన్నారు, వైపర్ ఆర్మ్‌లు మాత్రం అవుతాయట, కానీ అవి లోహం, వాటికి ఈ ప్రైమర్ కాదు, ఎచ్ ప్రైమర్ కావాలి. అడుగున కొంచెం మిగిలిన నల్ల క్యాన్‌ని పని అయ్యాక తలకిందులుగా పట్టుకుని గ్యాస్ మాత్రమే వచ్చేదాకా నొక్కడం మర్చిపోయా, నాజిల్ గడ్డ కట్టేసింది. ఈ శనివారం వైపర్ ఆర్మ్‌లు రెండూ సంచిలో వేసుకుని వెళ్తున్నా, కొత్త నాజిల్ కూడా అడగాలి.